నోరెత్తని బుద్ధిమంతురాలు

“చాలా బుద్ధిమంతురాలండీ, అసలు నోరెత్తదు.” ప్రాథమిక పాఠశాలలో ఆడపిల్లకి తరచుగా దొరికే మెచ్చుకోలు ఇది. అదే మగపిల్లవాడైతే “వీడేంటో మాట్లాడనే మాట్లాడడు” అని బెంగపడతారు. తెలుగు కథల్లో స్త్రీల మౌనం మీద పరిశోధన చేసిన నాకు, ఆ మౌనానికి పునాది పెళ్ళికి చాలా ముందే, ఒకటో తరగతిలోనే పడుతుందనిపిస్తుంది.

వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అని భాషా నైపుణ్యాలు నాలుగు. వీటిలో మొదటి రెండూ పిల్లలు ఇంటినుంచే తెచ్చుకుంటారు. ఆరేళ్ళ పిల్ల బేరమాడుతుంది, చాడీలు చెబుతుంది, నానమ్మని అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్విస్తుంది. బడికి రాగానే వినడమంటే చేతులు కట్టుకుని కూచోవడం, మాట్లాడడమంటే అందరితో కలిసి ఒకే జవాబు అప్పజెప్పడం అయిపోతుంది. “అర్థమైందా?” “అయింది టీచర్!” నలభై గొంతులు ఒక్కసారే లేస్తాయి. ఆ హోరులో ఏ ఒక్కరి గొంతూ వినపడదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు క్లాసులో లేచి “తొవ్వల పామును చూసిన టీచర్” అన్నాను. “తొవ్వ కాదు, దారి” అన్నారావిడ. పాము సంగతి ఎవరూ అడగలేదు. నా మాటని సరిదిద్దారు, నా కథ అక్కడే ఆగిపోయింది. నాది యాస తేడా మాత్రమే. ఇంట్లో కోయో, గోండీయో, లంబాడీయో మాట్లాడే పిల్లకి భాష మొత్తమే బడి గుమ్మం బయట ఉండిపోతుంది. గిడుగు రామమూర్తిని వాడుక తెలుగు కోసం తలుచుకుంటాం. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారన్నది అంతగా తలుచుకోం. చెప్పబోయే ముందు పిల్లల భాషని తాను విని నేర్చుకున్న గురువు ఆయన.

2021లో మొదలైన నిపుణ్ భారత్ మౌఖిక భాషకి చోటిచ్చింది, సంతోషమే. కానీ మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యాన్ని గడియారం పెట్టి కొలవచ్చు. పిల్ల తనంతట తాను మాట్లాడిన మాటల్ని ఎవరు లెక్కపెడతారు? లెక్కకి రానిదానికి టైంటేబుల్లో చోటు మిగలదు.

అలాగని టీచరమ్మని తప్పుపట్టి లాభం లేదు. ఐదు తరగతులకి ఇద్దరే ఉన్న బడులున్నాయి. రిజిస్టర్లూ, సర్వేలూ ఆమె నెత్తిమీదే. మీటింగుల్లో ఆమె మాట మాత్రం ఎవరు వింటున్నారు? అయినా ఆమె చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, అంతవరకూ మాట్లాడనివాళ్ళూ మాట్లాడారు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకొకటి. పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూచోబెట్టి, ఒకరు చెప్పింది రెండోవాళ్ళు క్లాసుకి తిరిగి చెప్పాలని పెట్టండి. చెప్పాలంటే వినక తప్పదు. ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ జతగా వేయండి. ఆమె మాటని మధ్యలో తుంచకుండా చివరిదాకా విని, మార్చకుండా చెప్పడం ఆ అబ్బాయికి ఏడేళ్ళకే అలవాటవుతుంది. ఈ పాఠం మనిళ్ళల్లో ఎంతమంది మగవాళ్ళకి అందింది?

మాట్లాడే నైపుణ్యం అంటే వక్తృత్వ పోటీలో బహుమతి తెచ్చుకోవడం కాదు. “నాకు అర్థం కాలేదు టీచర్” అని నలుగురి ముందు చెప్పగలిగిన పిల్లే, రేపు “నాకు ఇష్టం లేదు” అని కూడా చెప్పగలుగుతుంది.