ఆ రాత్రి బండి రాలేదు కనుక

పుట్టినరోజులు ఘనంగా చేసుకునేవాళ్లని చూస్తే నాకు కాస్త నవ్వొస్తుంది. పుట్టడంలో మన ప్రయోజకత్వం ఏముందని? పరీక్ష పాసయ్యామని స్వీట్లు పంచితే అర్థముంది, నాలుగు రాత్రులు మేలుకుని చదివాం కనుక. పుట్టడానికి మాత్రం మనం పడ్డ శ్రమ శూన్యం. పడ్డవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లలో సగంమందికి మన కోసం పడ్డామన్న సంగతే తెలీదు.

మా అబ్బాయి ఇంటర్లో బైపీసీ. మొన్నామధ్య అన్నం తింటూ ఒక లెక్క చెప్పాడు. మనిషికి 23 జతల క్రోమోజోములుంటాయి కదా, తండ్రి వైపు కణంలోకి ఒక్కో జతలోంచి ఒక్కటే వస్తుందట. ఏది వస్తుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అలా కూర్చుకుంటూ పోతే 83,88,608 రకాల కణాలు తయారుకావచ్చు. తల్లి వైపూ అంతే. రెండూ గుణిస్తే ఒకే అమ్మకీ నాన్నకీ పుట్టగల పిల్లలు 70 లక్షల కోట్ల రకాలు! జతలోని రెండూ ముక్కలు మార్చుకునే పద్ధతి ఇంకొకటి ఉందనీ, అది కూడా కలిపితే లెక్కకే అందదనీ అన్నాడు.

నేను చదివింది బి.ఏ. లక్ష దాటితే సున్నాలు వేళ్ల మీద లెక్కపెట్టుకునే రకం. మా అమ్మ మాత్రం ఆ మొదటి అంకె దగ్గరే చటుక్కున ఆగింది. "అంటే ఇంచుమించు ఎనభై నాలుగు లక్షలే కదరా! మన పెద్దవాళ్లు ఎనభై నాలుగు లక్షల జీవరాశులన్నది ఊరికే అన్నారా?" అంది. దానికీ దీనికీ సంబంధం లేదు మొర్రో అని వాడు ఎంత మొత్తుకున్నా వినలేదు. సరే, ఆవిడ సంతోషం ఆవిడది.

"ఇంతకీ అమ్మమ్మా, నువ్వూ తాతయ్యా కలవకపోతే ఈ లెక్కంతా సున్నాయేగా?" అన్నాడు వాడు చివరికి.

అమ్మ మజ్జిగ పోస్తూ, "మేమెక్కడ కలిశాంరా? తుపాను కలిపింది" అంది.

నిజమే. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. ఆదివారంనాడు బందరులో మా నాన్నకి పెళ్లిచూపులు. ఖమ్మం నుంచి మా తాతయ్య, పెద్దత్తయ్య, నాన్న ముందురోజే బయల్దేరి బెజవాడ చేరారు. చేరేసరికే గాలి. బందరు బండి లేదన్నారు. ఎప్పుడుంటుందని అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు. అప్పటికే తెనాలి నుంచి ఏలూరులో గృహప్రవేశానికి బయల్దేరిన మా అమ్మావాళ్లూ అదే ప్లాట్‌ఫాం మీద చిక్కుకుపోయి ఉన్నారు.

రాత్రయింది. కరెంటు పోయింది. వెయిటింగ్ హాల్లో ఎక్కడో ఒక లాంతరు, చుట్టూ తడిసిన మనుషులు, పైన రేకుల చప్పుడు. మా తాతయ్యకి ఉబ్బసం. ఆ చలిగాలికి ఆయాసం ఎక్కువై ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే, చీకట్లోంచి ఎవరో ఒకావిడ, "బాబాయిగారూ, వేడినీళ్లు శొంఠి వేసినవి ఉన్నాయి, కాస్త తాగండి" అందిట. ఆవిడ మా అమ్మమ్మ. ఫ్లాస్కులోంచి గ్లాసులోకి వంచి అందించిన చెయ్యి మా అమ్మది. ఇరవై ఏళ్లు అప్పటికి.

ఊపిరి కాస్త సర్దుకోగానే తాతయ్య అడిగిన మొదటిమాట ఏమిటనుకున్నారు? "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేమిటి?" బయట ప్రపంచం కూలిపోతున్నా మనవాళ్లకి ఇంటిపేరు తెలియనిదే మంచినీళ్లు గొంతు దిగవు కదా! తెల్లారేలోగా గోత్రాలు, నక్షత్రాలు, ఉభయులకీ దూరపు చుట్టమైన ఒక గుంటూరు ప్లీడరుగారూ అన్నీ బయటికొచ్చాయి. నాన్నకి మాత్రం ఆ చీకట్లో అమ్మ మొహం సరిగ్గా కనిపించనే లేదట. "నేను చూడకుండా చేసుకున్నానమ్మా, పూచీ నాది కాదు" అని ఇప్పటికీ అంటూంటారు. పెళ్లి 1979లో. నేను ఆ తర్వాత రెండేళ్లకి.

ఈ కథ చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాను. నవ్వుకోవడానికి బావుండే కథ. దీనికి రెండో సగం ఉందని నాకు మూడేళ్ల క్రితం దాకా తెలీదు.

అమ్మకి అప్పుడు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. రాత్రి రెండు గంటలవేళ వార్డు బయట బెంచీ మీద నేనూ నాన్నా కూర్చున్నాం. రాత్రిపూట ఆస్పత్రి వరండా ఎలా ఉంటుందో మీకు తెలియనిదేముంది. పగలు అక్కడ హోదాలుంటాయి, చీటీలుంటాయి, కసురుళ్లుంటాయి. రాత్రి అవన్నీ ఇళ్లకి వెళ్లిపోతాయి. మేలుకున్నవాళ్లూ, మేలుకోలేక గోడకి జారగిలబడ్డవాళ్లూ, అంతే. పగలు గుచ్చిగుచ్చి అడిగినా చెప్పని మాటలు మనుషులు అలాంటి చోట అడక్కుండానే చెప్పేస్తారు.

"ఆ బందరు వాళ్లబ్బాయి పోయాడమ్మా" అన్నారు నాన్న, ఉన్నట్టుండి.

నాన్న చూడబోయిన అమ్మాయికి అన్న ఆ అబ్బాయి. చెల్లెలి పెళ్లిచూపులకి నాయనమ్మ ఉండాలని, ఆవిణ్ణి తీసుకురావడానికి శుక్రవారంనాడు నాగాయలంక దగ్గర వాళ్ల ఊరు వెళ్లాడట. శనివారం సాయంత్రం సముద్రం లేచి ఊళ్ల మీద పడింది. అతనూ రాలేదు, ఆవిడా రాలేదు. తాతయ్య వేసిన కార్డుకి రెండు నెలల తర్వాత జవాబు వచ్చిందట, రెండే వాక్యాలు. సంబంధం మాట అటు వాళ్లూ ఎత్తలేదు, ఇటు వీళ్లూ ఎత్తలేదు.

"మేం ఆదివారం వస్తామని రాయకపోతే..." అని నాన్న ఆగిపోయారు. నలభై ఏళ్ల పైచిలుకు ఆ వాక్యం ఆయన దగ్గర అలా సగంలోనే ఉందన్నమాట.

ఆ ఉప్పెనకి పోయినవాళ్లు పదివేలకి పైనే. కోడూరు, నాగాయలంక, హంసలదీవి వైపు ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఈ తీరానికి అదే మొదటిసారీ కాదు. 1864 నవంబరు 1న బందరు మీద పడిన ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారు. ఇన్నాళ్లూ నాకది చరిత్ర. ఆ రాత్రి బెంచీ మీద కూర్చున్నాక, అది నా జాతకంలో ఒక గడి అయి కూర్చుంది.

మనకి ఇలాంటి చోట ఒక సిద్ధమైన మాట ఉంది. 'రాసిపెట్టి ఉంది.' పెళ్లిళ్లు స్వర్గంలో జరుగుతాయంటాం. మా ఇంట్లో కూడా వేయిసార్లు అన్నారు. కాని ఆలోచించండి. రాసిపెట్టి ఉందని అంటే ఆ రాత మొత్తం ఒప్పుకోవాలి. మనకి నచ్చిన పంక్తి ఒక్కటీ చదివి పుస్తకం మూసేస్తే కుదరదు. తెనాలి అమ్మాయినీ ఖమ్మం అబ్బాయినీ ఒక చోట కూర్చోబెట్టడానికి దేవుడు సముద్రాన్ని లేపాడా? ఆ మాట బందరులో ఆ తల్లి ముందు నిలబడి అనగలమా? నేను అనలేను. అందుకని నాకు 'రాత' కన్నా 'యాదృచ్ఛికం' అనే మాటే మర్యాదగా కనిపిస్తుంది. దానికి కనీసం ఎవరి మీదా పక్షపాతం లేదు.

మరి ఆ తుపానుకి నేను రుణపడి ఉన్నానా? చాలా రాత్రులు ఆలోచించాను. లేనని తేల్చుకున్నాను. తుపాను చేసింది బండి ఆపడం ఒక్కటే. ఆ హాల్లో ఆ రాత్రి ఎన్ని కుటుంబాలు ఆగిపోలేదు? తెల్లారి ఎవరి దారిన వాళ్లు పోయారు. మా అమ్మమ్మ ఫ్లాస్కు మూత తియ్యకపోతే మావాళ్లూ అలాగే పోయేవారు. నేను రుణపడ్డది ఆ శొంఠినీళ్లకి. ఇక బందరు ఇంటికి ఏమిటంటే, తీర్చలేనిది రుణం కాదేమో, జ్ఞాపకం. ఎవరికీ తెలియని ఆ అబ్బాయి మా ఇంట్లో కూడా ఒకరికి గుర్తుండాలి. అందుకే మా అబ్బాయికి కథ రెండు సగాలూ చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడైతే ముందే ఖాళీ చేయించేవాళ్లు కదమ్మా" అన్నాడు. అదీ నిజమే. తీరం వెంట తుపాను భవనాలు కట్టారు, రోజుల ముందే హెచ్చరికలు వస్తున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని అంతగా చితగ్గొట్టినా పోయిన ప్రాణాలు వేలల్లో కాదు, పదుల్లో. యాదృచ్ఛికం చేతిలోంచి మనుషులు ఆ మేరకు లాక్కున్నారు.

పోయిన శీతాకాలం పనిమీద వెళ్తూ విజయవాడలో బండి మారాల్సి వచ్చింది. అర్ధరాత్రి దాటాక రెండు గంటలు అక్కడే. ఆ స్టేషను పగలు చూస్తే ఒక తోపులాట. రాత్రి చూస్తే ఊరంత పెద్ద పడగ్గది. దుప్పట్లు పరుచుకుని పిల్లల్ని మధ్యలో వేసుకున్న కుటుంబాలు, సంచి తలకింద పెట్టుకున్న ముసలివాళ్లు, మూడు భాషల్లో ఎవరికో ఏదో చెబుతూ మైకు. మద్రాసు వైపు, హౌరా వైపు, ఢిల్లీ వైపు, బందరు వైపు విడిపోవలసినవాళ్లంతా కాసేపు ఒకే నేల మీద నిద్రపోతున్నారు.

పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. నా వంక రెండుసార్లు చూసి, "ఏ ఊరమ్మా మీది?" అంది.

మామూలుగా అయితే ఇలాంటప్పుడు నేను పుస్తకం తెరిచేస్తాను. ఆ రాత్రి సంచీ పక్కకి జరిపి, ఊరు చెప్పాను. ఇంటిపేరు కూడా, ఆవిడ అడక్కముందే.