ధావళికి రంగు

నూలుబట్టకు లేని యొక విశేషము మన యిండ్లలో ఉన్నిబట్టకు కలదు. నూలుచీర యెంత శుభ్రముగ నున్నను, తడిపి యెవ్వరును తాకకుండ ఆరవేసినగాని మడికి పనికిరాదు. ఉన్నికి ఆ నిర్బంధము లేదు. ముసురు పట్టి బట్ట లారని దినములలో పెద్దలు ధావళి కట్టుకొని వంట చేయుట మనలో ననేకులు చూచియే యుందురు. అమరకోశము చదివినవారు ఊర్ణ, కంబళము, రల్లకము అను మాటల నెఱుగుదురు. జపమునకు కంబళాసనము, చలికి గొంగడి, మడికి ధావళి. ఇట్లు దేవుని పనికిని మనుష్యుని పనికిని గూడ నక్కఱకు వచ్చిన యీ బట్ట చినిగి కట్టుబడికి రాకుండ పోయినప్పు డేమి చేయవలెను? పాఱవేయుటకు మనసొప్పదు. పెట్టెలో దాచినచో చిమ్మటలు తినిపోవును. ఈ చిక్కు మా యింట వచ్చినప్పుడు దొరకిన యుపాయమును, దాని వెంట వచ్చిన మఱియొక పెద్ద ప్రశ్నను సోదరీమణులకు విన్నవింప దలచితిని.

మా కలువాయి ప్రాంతమున ఉన్ని యనిన నపురూపమే. ఏలయన మాది గొర్రెల సీమయే కాని ఉన్ని సీమ కాదు. భారతదేశపు గొర్రెలలో నెల్లూరు గొర్రె మిక్కిలి యెత్తైనదని ప్రసిద్ధి. అందు తెల్లనిదానిని పల్ల యనియు, తెల్లని మేనిపై కన్నుల చుట్టును మూతికడను నల్లమచ్చలు గలదానిని జోడిపి యనియు, ఎఱ్ఱనిదానిని దొర యనియు అందురు. మూడింటికిని పొట్టి వెండ్రుకలే కాని కత్తిరించి వడుకదగిన ఉన్ని లేదు. ఉన్ని నిచ్చునది దక్కను పీఠభూమి నల్లగొర్రె. తెలంగాణమునందును రాయలసీమయందును కురుమలు, కురుబలు దాని ఉన్ని కత్తిరింతురు. స్త్రీలు దానిని ఏకి వడుకుదురు. పురుషులు నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగడి చేయుదురు. కావున మా యిండ్లలో ఉన్నిబట్ట యెప్పుడును పైనుండి వచ్చినదే. వచ్చినది తరతరములు నిలిచినదే.

మా యింట నున్న ధావళులు రెండును మా మామగారి అక్కగారివి. ఆమెను నేను పెద్దమ్మగా రని పిలిచెడిదానను. చిన్నతనముననే భర్తను గోల్పోయి, పుట్టింటికి వచ్చి, ఎనుబది యేండ్లు దాటువఱకు ఈ యింటి వంట చేసిన తల్లి. పోతనగారి పద్యములు పొయ్యి యెదుట చదువుకొనుచు, వంటయింటి గడపకడ వట్టి నేలపై కూర్చుండెడిది. పీట వేసిన వలదనెడిది. శుభకార్యము వచ్చిన, ఎవ్వరును చెప్పకుండనే వెనుకగదిలోనికి పోయెడిది. ఆమె ధావళులు రంగు లేని తెల్లని ఉన్నివి. కట్టెల పొగకు మాగి పాత నేతి వన్నెకు తిరిగినవి. మూడేండ్ల క్రిందట ఆమె పోయిన తరువాత పెట్టె తెఱచి చూడగా రెండును మడతల వెంట చినిగియుండెను.

అమెరికాలో కాపురమున్న మా పినతండ్రి కుమార్తె ఆ వేసవిలో వచ్చి, అచ్చటి స్త్రీలు పాత ఉన్నిబట్టలతో చేయు నొక పనిని నాకు చూపినది. బట్టను సన్నని పేలికలుగ చీల్చి, గోనెగుడ్డ రంధ్రములలోనుండి కొక్కెపు సూదితో పైకి లాగుచు తివాచీ చేయుటయే ఆ పని. ఉత్తర అమెరికా తూర్పుతీరమున, మేన్ రాష్ట్రమునను, దాని నంటియున్న కెనడా తీరములందును, పందొమ్మిదవ శతాబ్దమున పేదయిండ్ల యిల్లాండ్రు చలికి తాళలేక దీనిని విరివిగ జేసిరట. వారికి సరకులతో వచ్చిన గోనెసంచులే ఆధారము. ఆ గోనెల నారయో మన వంగదేశపు జనపనార! మేన్ లోని బిడ్డిఫర్డ్ పట్టణపు తిరుగుడు వర్తకుడు ఎడ్వర్డ్ సాండ్స్ ఫ్రాస్ట్ అనునతడు 1868 ప్రాంతమున రేకులను ముగ్గులుగ కత్తిరించి, గోనెపై అచ్చువేసి యమ్మెను. మనకు అట్టి రేకులతో పని లేదు. ముగ్గు మన వ్రేళ్ల కొనలనే యున్నది. న్యూఫౌండ్లాండ్, లాబ్రడార్ తీరములందు గ్రెన్‌ఫెల్ అను వైద్యుని సేవాసంఘము జాలరుల స్త్రీలచే ఇట్టివే చేయించి యమ్మి, వారికి కొంత జీవనాధారము కల్పించినది. కావున నిది పొద్దుపోని పని యని తేలికగ ద్రోసివేయదగినది కాదు.

పని తీరు సులభమే. పలుచని నేతగల గోనెగుడ్డ నుతికి, అంచులు మడచి కుట్టి, నాలుగు కఱ్ఱల చట్రమునకు బిగువుగ కట్టవలెను. దానిపై బొగ్గుతో ముగ్గు వ్రాయవలెను. ఉన్నిబట్టను వేడినీట ముంచి కొంచెము రుద్దినచో పోగులు చిక్కబడును. పిదప కత్తిరించినను అంచు రేగదు. పావు అంగుళము వెడల్పున పేలికలు చేసికొని, ఎడమచేత పేలికను గోనె క్రింద పట్టుకొని, కుడిచేత సూదిని పైనుండి దూర్చి, ఆ పేలికను చిన్న ఉచ్చుగా పైకి తీయవలెను. ఉచ్చు యెత్తును పేలిక వెడల్పును ఇంచుమించు సమముగ నుండిన చాలును. లేసు అల్లు సూది లావుపాటిది పనికివచ్చును. ఇందు ఒక్క ముడియైనను లేదు. ఏలూరు తివాచీ ముడులచే నిలుచును. ఇది ఒకదాని నొకటి ఒఱసికొనియుండు ఉచ్చుల యొత్తిడిచే నిలుచును. గోనె నెంత జాగా నింపదలచితిమో దానికి నాలుగింతల బట్ట కావలెను. రెండడుగుల చదరపు టాసనమునకు నాలుగు చదరపుటడుగులు. కావున పదునాఱు చదరపుటడుగుల బట్ట. చినిగినవి పోగా మా ధావళులలో అంతకు మించియే మిగిలినది.

ఇంతవఱకు చేతిపని. ఇక వచ్చిన ప్రశ్న రంగును గూర్చినది. అంతయు ఒకటే వన్నె యైన ముగ్గు కనబడదు. నేను ఎఱుపు వేయుదునని చెప్పగా మా అత్తగారు పనిచేయుచున్న చేయి ఆపి, "అమ్మాయీ, బ్రతికినన్నాళ్లు ఎఱుపు తాకని మనిషి. పోయిన తరువాత ఆమె బట్టను ఎఱ్ఱనీళ్లలో ముంచుదువా?" అని యడిగిరి. ఆ మాటలో కోపము లేదు, భయ మున్నది. పోయినవారి నియమమునకు మనము భంగము కలిగించుచున్నామా యను భయము.

నాకు తోచినది నెమ్మదిగ చెప్పితిని. "అత్తయ్యగారూ, అది ఆమె పట్టిన నియమమా, ఆమెకు పెట్టిన నియమమా? సంస్కృతమున రాగ మనిన రంగు, రాగ మనిన ప్రేమయు. రెండింటికి నొకటే మాట. ఒకరి కొకటి కాదన్నవారు రెండవదియు కాదన్నట్లే కదా." అత్తగా రేమియు ననలేదు. నేనును ఆ పని కట్టిపెట్టితిని. పెద్దవారి మనసు నొప్పించి వేసిన రంగు బట్టకు పట్టినను ఇంటికి పట్టదు.

నాలుగు దినములు గడచిన పిదప ఆమెయే వచ్చి కూర్చుండి, తాను ఈ యింట కోడలై యడుగుపెట్టిన నాటి సంగతి చెప్పిరి. ముందునాటి రాత్రి పసుపును సున్నమును కలిపి పారాణి సిద్ధము చేసినది వదినగారే. తెల్లవాఱినంత గిన్నెను గడపకడ పెట్టి వెనుకగదిలోనికి పోయిరట. "తలుపు సందున నేను చూచితిని. అరచేతి కంటిన యెఱుపును కొంగుతో తుడుచుకొనుచున్నారు. ఎంత తుడిచినను పోలేదు." ఇట్లని కొంతసేపూరకుండి, "ఎఱుపే వేయుము. పోని యెఱుపు వేయుము" అనిరి.

పోని యెఱుపు యేది? పారాణి యెఱుపు పసుపునకు సున్నము సోకుటచే పుట్టినది. పులుసు తగిలిన మరల పచ్చనగును. పసుపు రంగే యెండకు నిలువదు. పూర్వము మన సముద్రతీరపు ఇసుక నేలలలో చిరివేరు త్రవ్వి తెచ్చెడివారు. కోరమండలపు అద్దకపు బట్టలకు దేశదేశములలో పేరు తెచ్చిన యెఱుపు దానిదే. 1868లో గ్రేబే, లీబర్మాన్ అను జర్మను పండితులు మంజిష్ఠజాతి వేళ్లలోని యెఱుపు పదార్థమును రసాయనశాలలో చేసిరి. 1897లో కృత్రిమపు నీలి సంతకు వచ్చినది. నెల్లూరు, కడప మండలములలో విరివిగ సాగిన నీలిమందు పైరు అటుపిమ్మట క్షీణించినది. నాకు చిరివేరు దొరకలేదు. మూలికల యంగడిలో మంజిష్ఠ దొరకినది. దానిని తెచ్చినవారు మా అత్తగారే.

అద్దకము వేయగోరు వారికొఱకు పద్ధతి వ్రాయుచున్నాను. ఆరిన ఉన్ని 100 గ్రాములైనచో పటిక 15 గ్రాములు, కొంచెము చింతపండు రసము. వీనిని మునిగెడు గోరువెచ్చని నీట కలిపి, తడిపిన ఉన్ని వేసి, మెల్లగ వేడి హెచ్చించి, తెరలనీయకుండ ఒక గంట యుంచి, ఆ పాత్రలోనే చల్లాఱనీయవలెను. మంజిష్ఠపొడి 100 గ్రాములు ముందునాటి రాత్రియే నానవేసి గుడ్డతో వడియగట్టి, ఆ రంగునీట ఉన్నిని ముంచి, మరల సన్నని మంటపై ఒక గంట యుంచవలెను. తెరలినచో ఎఱుపు మాసి గోధుమవన్నెకు తిరుగును. వేడినీటినుండి చన్నీటిలోనికి ఒక్కసారిగ వేయరాదు. ఉన్ని ముడుచుకొని బిఱుసెక్కును. రాత్రి యంతయు పాత్రలోనే యుంచి, మఱునాడు జాడించి నీడ నారవేయవలెను. పాత్ర స్టీలుది మేలు. ఇనుము ఎఱుపును నలుపు చేయును. నలుపే కావలెనన్న కరక్కాయ నీటికి తుప్పుపట్టిన మేకులు నాలుగు చేర్చిన చాలును. దానిమ్మతొక్కలు నిలుకడ గల పసుపువన్నె నిచ్చును. ఉల్లిపొట్టు బంగారువన్నె నిచ్చును గాని, జన్మమున ఉల్లి తాకని పెద్దమ్మగారి ధావళికి దానిని తగిలింప నాకు చేతులాడలేదు! అద్దకపు పాత్రను మరల వంటకు వాడరాదు.

రంగు నిలుచునో లేదో తెలియుటకు ఒక పేలికను సగము పుస్తకమున దాచి, సగము కిటికీకడ ఎండకు పదునైదు దినము లుంచి పోల్చి చూడవచ్చును. మంజిష్ఠ పేలికలో నాకు భేదము కనబడలేదు.

దినమునకు గంట చొప్పున రెండున్నర నెలలు పట్టినది. నడుమ ఎనిమిది రేకుల పద్మము ఎఱుపు, రేకుల గీత నలుపు, చుట్టును ధావళి నేతి వన్నె అట్లే. మడికి కట్టినదానిని కాలితో త్రొక్కు తివాచీ చేయుటకు మా కెవ్వరికిని మనసొప్పలేదు గనుక ఆసనముగ జేసితిమి. మామగారు సంధ్యకు పనికివచ్చునని మెచ్చుకొనిరి. అత్తగారు మాత్రము, "ఇది మా వదినగారి పీట" అని చెప్పి, భాగవత పారాయణపు దినమున దానిని వంటయింటి గడపకడనే పఱచిరి. వినవచ్చిన యిరుగుపొరుగువారిలో భర్త పోయిన యొక పెద్దావిడ అలవాటు చొప్పున గోడవారగ నేలపై కూర్చుండబోగా, అత్తగారు ఆమె చేయి పట్టుకొని తెచ్చి ఆ పద్మముపై కూర్చుండబెట్టిరి. ఎవ్వరు నేమియు ననలేదు. అప్పటినుండి పారాయణమునాడు ఆ యాసనము ఆమెదే.

సోదరీమణులారా, మన పెట్టెలలో ఇట్టి ధావళులు, శాలువలు, బిడ్డలకు పొట్టియైన ఉన్ని చొక్కాలు ఎన్నియో యుండును. అవి గుడ్డలని పాఱవేయకుడు. పోగు నొకదానిని కాల్చి చూడుడు. వెండ్రుక కమరినట్టి వాసన వచ్చినచో అది నిజమైన ఉన్ని. చేతనైనట్లు ఆసనముగనో, పీటపై పఱుపుగనో చేసికొనుడు. ఇంటిలో పెద్దవారున్నయెడల రంగు కలుపుటకు ముందు వారిని ప్రక్కను కూర్చుండబెట్టుకొని, "మీకే రంగు ఇష్టము?" అని యడుగుడు. కొందఱికి ఆ ప్రశ్న జీవితమున మొదటిసారి వినబడునది కావచ్చును. వెంటనే బదులు రాకున్నను తొందరపెట్టకుడు. పటిక పట్టుటకే గంట కావలెను గదా!