దూల తీరినంక చిల్పూర్ గుట్ట

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి చిల్పూర్ ఆటో ఎక్కానో లేదో, అమ్మ ఫోన్. “తీరిందా దూల?” అని అడిగింది. నవ్వుతూనే అన్నది గానీ, ఆ నవ్వు రావడానికి ఆమెకు నెల పట్టింది.

మీమ్స్‌లో దూల అంటే సగం బూతు. మా దిక్కు మాత్రం అమ్మలు, అమ్మమ్మలు రోజూ వాడే మాట. వద్దంటే చెట్టెక్కి కిందపడ్డ పిల్లగాణ్ని “దూల తీరిందా?” అంటరు. ఊకె కూసోలేక పక్కోడిని గిల్లేవాడికి “దూల ఎక్కువ”. వద్దని తెలుసు, దెబ్బ పడుతుందనీ తెలుసు, అయినా చెయ్యి ఆగదు. తమాషా ఏంటంటే, దూల పుట్టినవాడు ఆ సంగతి తనంతట తాను చెప్పడు. దెబ్బ తగిలాక పక్కవాళ్లే పేరు పెడతారు.

అసలు దూల అంటే దురద. కంచెల మీద పాకే దూలగొండి తీగ తెలుసు కదా. దాని కాయల మీద బంగారు రంగు నూగు ఉంటుంది. అందులోని మ్యుకునైన్ అనే ఎంజైమ్ ఒంటికి అంటిందంటే ఇక గోకుడే గోకుడు. గోకినకొద్దీ నూగు పక్కకు పాకి దురద ఇంకా పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం మ్యుకునా ప్రురియెన్స్. ఆ రెండో మాట లాటిన్. దానికి దురద అనీ, కోరికతో తహతహ అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఎక్కడి రోము, ఎక్కడి జనగామ!

నా దూల రమ్మీ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టాను. పోయిన వెయ్యి తెచ్చుకుందామని రెండు వేలు, ఆ రెండు వేల కోసం ఐదు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చి యాప్‌లో ఆట ఆగిపోయేనాటికి నా పేరు మీద మూడు పర్సనల్ లోన్లు. ఇంజినీరింగ్‌లో ప్రాబబిలిటీకి మంచి మార్కులే వచ్చాయి, ఆ సంగతి వదిలేయండి.

దూల తీరినంక వచ్చేది బుగులు. బుగులంటే భయమే, కానీ పామును చూసిన భయం కాదు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, పొద్దున దాకా కడుపులో తిరిగేది. చిల్పూర్ గుట్ట మీది దేవుడి పేరే బుగులు వెంకటేశ్వరస్వామి. పెండ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, తీర్చలేక బుగులుపడి ఈ గుట్టకొచ్చి గుహలో తపస్సు చేశాడని ఇక్కడి కథ. తిరుమలలో హుండీ నిండా కానుకలు అందుకునే స్వామి, ఇక్కడ అప్పులోడికి దొరక్కుండా వచ్చినవాడు. నాకు ఈ స్వామే దగ్గరివాడనిపించాడు.

గుట్ట కింద కొబ్బరికాయలమ్మే అవ్వ అడిగింది, “ఏం బుగులు బిడ్డా?”

“అప్పులు అవ్వా.”

“పెండ్లికా?”

“కాదు. ఆటకు.”

కాయ నా చేతిలో పెట్టి, “గట్లనా. స్వామిది గూడ పెండ్లి దూలనే తియ్యి” అన్నది. ఇద్దరం నవ్వాం.

దర్శనమయ్యాక పైన గాలికి కూర్చున్నా. ఏ ఆలోచనా లేకుండానే ఫోన్ తీశాను. బొటనవేలు దానంతటదే రెండో స్క్రీన్‌కి జరిపి, కింద కుడి మూలకు పోయింది. యాప్ తీసేసి చాలా రోజులైంది, అక్కడేం లేదు. అయినా ఆ ఖాళీ మీద రెండుసార్లు తట్టాను.