చిట్టి ఏం తిన్నట్టు?

ఆగస్టు 23, 2025, శనివారం
సెక్టర్ 7, భిలాయి

తెల్లవారకముందే మా ఆయన ఫస్ట్ షిఫ్టుకి బయల్దేరారు. మా కుక్క చిట్టి గేటు దాకా వెళ్ళలేదు. మంచం కింద ముడుచుకుని పడుకుంది. కాసేపటికి పొట్ట ఎగరేసుకుంటూ పచ్చటి నురగ కక్కింది. ఆ తర్వాత పెరట్లోకి పరిగెత్తి జిగురుతో పల్చగా వెళ్ళింది. రక్తం లేదు.

ముందు చిగుళ్ళు చూశాను. పై పెదవి ఎత్తి కోరపన్ను పైన వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట వెంటనే గులాబి రంగు తిరిగింది. రెండు సెకన్ల లోపు తిరిగితే భయం లేదు. చిగురు తడిగానే ఉంది. వేలికి జిడ్డుగా అంటుకుంటే ఒంట్లో నీరు తగ్గిపోతున్నట్టు లెక్క. మెడ మీద చర్మం లాగి వదిలినా వెంటనే సర్దుకుంది.

ఇవాళ పోలా పండగ. వెనక క్వార్టరు వాళ్ళ పిల్లలు నిన్న సాయంత్రం నుంచి మట్టి ఎద్దులు లాక్కుంటూ మా గోడ పక్కనే ఆడుతున్నారు. వాళ్ళింట్లో ఠేఠ్రీ, ఖుర్మీ వండారు. ఠేఠ్రీ అంటే శనగపిండి కలిపి నూనెలో వేయించే కారపు పిండివంట. గోడ మీంచి చిట్టికి ఎవరు ఎన్ని వేశారో పిల్లల్ని కూర్చోబెట్టి, తిట్టనని చెప్పి అడిగాను. చిన్నది దోసిలి చూపించింది. అంత నూనె మా స్పిట్జ్ పొట్టకి చాలా ఎక్కువ.

పక్కింటి వదిన పరిగెత్తుకొచ్చింది. "ఏటయినాది వదినా? మా ఇంట్లో విరేచనాల మాత్రలున్నాయి, సగం ముక్క నీళ్ళలో కలిపి పోసీ." వద్దన్నాను. మన కాలనీలో కుక్కకి కడుపు చెడితే మొదట తెరిచేది మనుషుల మందుల డబ్బాయే. విరేచనాలు ఆపే మాత్ర లోపలున్న విషాన్ని కూడా లోపలే ఆపేస్తుంది. కొన్ని జాతుల కుక్కలకి అది మెదడు దాకా పోతుంది. నొప్పి మాత్రలైతే మరీ ఘోరం. ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వదినది ప్రేమే. కానీ ఆ ప్రేమతోనే ఎన్ని మూగజీవాలు పోయాయో తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

సాయంత్రం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆగస్టు 24, ఆదివారం

నిన్న డాక్టరుగారు సూది తీసేముందు ప్రశ్నలు వేశారు. వాటిని రాసి పెట్టుకుంటున్నాను.

పొట్ట ఎగరేసి కక్కిందా, లేక ఏ ప్రయాసా లేకుండా నోట్లోంచి జారిపోయిందా? మొదటిది కడుపు సంగతి, రెండోది అన్నవాహిక సంగతి. విరేచనం తారులా నల్లగా ఉందా? అయితే రక్తం పైన, కడుపులోనో చిన్నపేగులోనో కారుతోంది. ఎర్రగా, జిగురుతో, కొంచెం కొంచెంగా మాటిమాటికీ వెళ్తోందా? అయితే పెద్దపేగు. ఇంట్లో ఎలుకల మందు పెట్టారా? కొత్త దాణా మొదలుపెట్టారా? దాణా మార్చాలంటే పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజులు తీసుకోవాలట. బొమ్మ ముక్క, సాక్సు, మామిడి టెంక, మొక్కజొన్న కండె ఏమైనా మాయమైందా? టెంకలాంటిది పేగుకి అడ్డం పడితే నీళ్ళు తాగినా కక్కేస్తాయి, ఆపరేషనే దిక్కు.

తర్వాత అడిగింది నేను ఊహించనిది. "హీట్ అయి ఎన్ని వారాలయింది?" ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి హీట్ అయిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పట్టొచ్చు. బయటికి కనిపించేది వాంతులు, విపరీతమైన దాహం, తిండి మానేయడం. ఇంట్లోవాళ్ళేమో అజీర్తి అనుకుని మజ్జిగ పోస్తూ కూర్చుంటారు. చిట్టికి ఆ గొడవ లేదు, చిన్నప్పుడే ఆపరేషన్ అయింది.

బల్ల మీద దింపగానే చిట్టి ముందుకాళ్ళు చాపి రొమ్ము బల్లకి ఆనించి, వెనక భాగం పైకెత్తి నిలబడింది. నేనైతే ఒళ్ళు విరుచుకుంటోందనుకునేదాన్ని. డాక్టరుగారు అది కడుపునొప్పి భంగిమ అన్నారు. నూనె తిండి తర్వాత క్లోమం వాచిన కుక్కలు ఇలాగే నిలబడతాయట. రక్తం తీశారు, వాంతి ఆగే సూది ఇచ్చారు, సెలైన్ ఎక్కించారు. ఒంటి వేడి 102 ఫారెన్‌హీట్. మనకైతే అది జ్వరం, కుక్కకి మామూలు వేడి. వాపు స్వల్పమేనని రిపోర్టు ఇవాళ వచ్చింది. వాంతి లేదు. నూనె చుక్క, ఉప్పు లేకుండా, మెత్తగా ఉడికిన అన్నంలో తోలు తీసిన కోడిమాంసం కలిపి, గుప్పెడు పెట్టాను. తినేసి గిన్నె నాకింది.

ఆగస్టు 25, సోమవారం

వీధి చివరి క్వార్టరు కుర్రాడు మధ్యాహ్నం చేతుల్లో కుక్కపిల్లని పెట్టుకుని వచ్చాడు. మూడు నెలలు ఉంటాయేమో. "పిన్నీ, నిన్న సాయంత్రం కూడా బాగానే ఆడింది" అంటున్నాడు. తువ్వాలు ఎర్రగా తడిసిపోయింది. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు మర్చిపోరు. చిట్టిని లోపల పెట్టి తలుపేశాను, వాళ్ళని గేటు బయటే ఉంచి టీకా వేయించావా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. చిగుళ్ళు కాగితంలా ఉన్నాయి.

ఆటో పిలిచి వెంటనే అంజోరా పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళమన్నాను.

అది పార్వోయే. 1978లో మొదటిసారి బయటపడింది, రెండేళ్ళలో ప్రపంచమంతా పాకింది. పిల్లుల్లో ఉండే ఒక వైరస్‌కి దగ్గరి చుట్టం. పేగు లోపలి పొరలో ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టే కణాలను చంపుతుంది. పొర ఊడిపోయి రక్తం కారుతుంది, పేగులోని క్రిములు రక్తంలోకి చొరబడతాయి, వాటితో పోరాడాల్సిన తెల్లకణాలు కూడా పడిపోతాయి. సోకిన మూడు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. సెలైన్, వాంతి మందు, యాంటీబయాటిక్, కాపలా, ఇవన్నీ సమయానికి అందితే చాలా పిల్లలు బతుకుతాయి. ఇంట్లో ఒక రాత్రి చూద్దామనుకుంటే ఆ రాత్రే మిగలదు.

ఆగస్టు 27, బుధవారం, వినాయక చవితి

కుక్కపిల్ల నిన్న పోయింది. కుర్రాడు ఫోన్లో మాట్లాడలేకపోయాడు.

పూజ అయింది. ఉండ్రాళ్ళు, పాయసం, పులిహోర. పాయసంలోంచి కిస్‌మిస్ ఏరి చిట్టికి విసరడం మా పిల్లలకి చిన్నప్పటి అలవాటు. ఈ ఏడు ఇంటికి వచ్చిన అబ్బాయికి గట్టిగా చెప్పాను. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను పాడుచేస్తాయి. మొదట కనిపించేది వాంతే, మూత్రం తగ్గడం తర్వాతి మాట. ఎన్ని తింటే ముప్పో లెక్క తేలలేదు, ఒక కుక్కకి ఏమీ కాదు, మరో కుక్క పోతుంది. చాలా ఏళ్ళు కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 2021లో అమెరికా పశువైద్యులు టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు. ఆ ఆమ్లపు లవణం కలిపి ఇంట్లో చేసిన ఆటపిండి తిన్న కుక్కల్లో అదే మూత్రపిండాల దెబ్బ కనిపించింది. తర్వాత చింతపండు తిన్న కుక్కల్లోనూ చూశారు. చింతపండు నిండా అదే ఆమ్లం.

మన ఇళ్ళలో కుక్క గిన్నెలో పడేది ఏమిటి? చారన్నం, పులుసన్నం, పండగనాడు పులిహోర. పలచటి చారుకీ పులిహోర గొజ్జుకీ ఎంతో తేడా ఉంది, నిజమే. అయినా సురక్షితమైన కొలత తెలియనప్పుడు ఆ గరిటె కుక్క గిన్నె వైపు తిప్పనవసరం లేదు. పైగా పులుసులో ఉల్లి, వెల్లుల్లి. వాటితో ఎర్రకణాలు పగిలిపోతాయి, కడుపు గడబిడ తగ్గిందనుకున్న కొన్ని రోజులకి చిగుళ్ళు పాలిపోతాయి. శ్రీకాకుళంలో మా అమ్మ పెరటి కుక్కకి పెట్టేది గంజి, ఉప్పు వెయ్యకముందు తీసిన అన్నం. ఆ పద్ధతికి నేను ఎప్పుడో తిరిగి వచ్చేశాను, వదినకీ అదే చెప్తున్నాను.

మండపాల దగ్గర విస్తరాకుల కుప్పలు మొదలయ్యాయి. ఈ రోజుల్లో చిట్టి మెడపట్టా లేకుండా గడప దాటదు.

ఆగస్టు 30, శనివారం

వాన. డ్రెయిన్లు పొంగి ఎలుకలు ఇళ్ళలోకి వస్తున్నాయి. వదిన బూడిదరంగు మందు గోధుమపిండిలో కలుపుతుంటే ఆపాను. అది జింక్ ఫాస్ఫైడ్. కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ వాయువు అవుతుంది. తిన్న కుక్క కక్కితే వెల్లుల్లిలాంటి, కుళ్ళిన చేపలాంటి వాసన. ఆ వాంతి దగ్గర ముఖం పెట్టి చూడకూడదు, ఆ గాలి మనుషులకీ విషమే. అన్నం, పాలు పెట్టినా ఆమ్లం పెరిగి కీడే జరుగుతుంది. కిటికీలు తెరిచి, మందు పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి పరిగెత్తడమే. మందు బదులు బోను తెచ్చి పెట్టాం.

ఎలుక మూత్రం కలిసిన వాననీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వాంతులతో పాటు కళ్ళు పచ్చబడితే మనమూ చేతికి తొడుగు వేసుకోవాలి, ఇంట్లోవాళ్ళకీ అంటుతుంది. దానికి టీకా ఉంది, చిట్టికి ఏటా వేయిస్తున్నాం.

ఇంకొకటి రాయాలి, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్ళ కోసం. పొట్ట డోలులా బిగిసి, కక్కబోయి ఏమీ రాక ఆయాసపడుతుంటే అది అజీర్తి కాదు. కడుపు మెలితిరిగి ఉండొచ్చు. చేతిలో ఉండేది గంటలే.

సాయంత్రం చివరి క్వార్టరు ముందు లారీ ఆగింది. కుర్రాడి తండ్రి రిటైరై గడువు ముగిసింది, ఖాళీ చేస్తున్నారు. కొత్తగా అలాటైనవాళ్ళు ఇల్లు చూడడానికి వచ్చారు. ఆవిడ ఫోన్లో ఫోటో చూపించింది, రెండు నెలల లాబ్రడార్ పిల్ల. నా గుండె ఝల్లుమంది. ఈ టౌన్‌షిప్‌లో క్వార్టరు చేతులు మారుతుంది, సున్నం వేస్తారు, స్విచ్చులు మారుస్తారు. పెరటి మన్ను మాత్రం అదే. పార్వో నీడపట్టున ఉన్న మట్టిలో నెలల తరబడి, ఏడాది దాకా బతుకుతుంది. కుర్రాడు ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగాడు పాపం, దానికి అది చావదు. బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి, ముందు మురికి కడిగేసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. అదీ గచ్చు మీద పనిచేస్తుంది, మట్టిలో కాదు.

సెప్టెంబరు 1, సోమవారం

ఆవిడకి విషయమంతా చెప్పాను. పిల్లకి మొదటి టీకా పడిందని, ఇక భయం లేదని అనుకుంటున్నారు. తల్లిపాలతో వచ్చిన రక్షణ కొన్ని వారాల దాకా టీకాని పనిచేయనివ్వదు, అందుకే మూడు నాలుగు వారాలకోసారి, పదహారో వారం దాటేవరకూ వెయ్యాలి. మధ్యలో తల్లి రక్షణ తగ్గి, టీకాది ఇంకా అందని రోజులుంటాయి. ఆ కుర్రాడి కుక్కపిల్ల పోయింది ఆ వయసులోనే.

ఆవిడ చాలాసేపు ఆలోచించి, పిల్లని రాయపూర్‌లో వాళ్ళమ్మగారింట్లోనే ఉంచుతామన్నారు. దీపావళి నాటికి పదహారు వారాలు. చివరి టీకా పడి మరో రెండు వారాలు, అంటే నవంబరు మొదట్లో తెచ్చుకోవచ్చు. ఈలోపు గచ్చుకి బ్లీచింగ్ మేం కలిపిస్తాం. ఆ ఇంటి పెరట్లో ఎండ పడకుండా జామచెట్టు కమ్ముకుంది. కొమ్మలు కొట్టడానికి మాలి ఎల్లుండి వస్తానన్నాడు.