సమ్మర్‌లో మానవ హక్కులట... జీతమెంత?

అమెరికాలో ఎమ్మెస్ చేసేవాళ్ళకి సమ్మర్ అంటే ఇంటర్న్‌షిప్పే. అది దొరక్కపోతే ఇంటిల్లిపాదికీ దిగులు. ఈ హడావుడిలో మనవాళ్ళు పెద్దగా పట్టించుకోని ఇంకో రకం సమ్మర్ ఉంది. అక్కడ కొన్ని యూనివర్సిటీల్లో మానవ హక్కుల సెంటర్లుంటాయి. అవి గ్రాడ్యుయేట్ స్టూడెంట్లకి కొంత డబ్బిచ్చి, రెండు మూడు నెలలు ఏదైనా హక్కుల సంస్థలో పని చేసి రమ్మంటాయి. ఫెలోషిప్ అంటారు. లా చదివేవాళ్ళకి తప్ప మనకెందుకులే అని వదిలేస్తాం.

మా పిన్ని కూతురు అక్కడ బయోస్టాటిస్టిక్స్ చదువుతోంది. దానికి అలాంటిదొకటి వచ్చింది. 10 వారాలకి 6 వేల డాలర్లు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ, మాయమైనవాళ్ళ జాబితాలు సరిపోల్చే పని. బాబాయి నాకు ఫోన్ చేసి, "ఏరా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఇదేమన్నా పనికొచ్చే పనేనా?" అని అడిగారు. ఆయన్నేమీ అనలేను. 35 లక్షల లోను, వడ్డీయే నెలకి 30 వేల పైన. దాని క్లాస్‌మేట్లు కంపెనీల్లో ఒక్క నెలలో అంతకన్నా ఎక్కువే తెచ్చుకుంటారు.

పనికొస్తుందా అంటే, భేషుగ్గా. గ్వాటెమాలాలో 1980ల మొదట్లో సైన్యం ఇషిల్ అనే ఆదివాసుల్ని ఊచకోత కోసింది. ఎంతమందిని? సత్యశోధన కమిషన్ దగ్గర ఒక జాబితా, చర్చి వాళ్ళ దగ్గర ఇంకోటి, ఇలా కొన్ని. ఒకే మనిషి మూడు చోట్ల మూడు స్పెల్లింగుల్లో ఉంటాడు. ముందు ఆ డూప్లికేట్లు ఏరాలి. ఆ తర్వాత అసలు కిటుకు. రెండు జాబితాల్లోనూ కనిపించే పేర్లు బాగా తక్కువగా ఉన్నాయంటే, ఏ జాబితాకీ ఎక్కనివాళ్ళు బోలెడుమంది ఉన్నారన్నమాట. చెరువులో కొన్ని చేపలకి గుర్తు పెట్టి వదిలి, మళ్ళీ వల వేసి మొత్తం చేపలెన్నో అంచనా కట్టే పద్ధతే ఇది.

ఈ లెక్కతోనే పాట్రిక్ బాల్ అనే గణాంకవేత్త 2013లో మాజీ నియంత రియోస్ మోంట్ మీద కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 1982 ఏప్రిల్ నుంచి 1983 జూలై దాకా ఆ ప్రాంతంలో ఆదివాసుల్లో 5.5 శాతం మందిని సైన్యం చంపింది, మిగతావాళ్ళలో 0.7 శాతం మందిని. దాదాపు ఎనిమిది రెట్లు. 80 ఏళ్ళ శిక్ష పడింది. పది రోజులకే పై కోర్టు కొట్టేసింది, మళ్ళీ మొదలైన విచారణ తేలకుండానే 2018లో ఆయన పోయాడు. అయినా లెక్క లెక్కే కదా.

ఆఫీసులో నేను చేసేదీ ఈ డూప్లికేట్లు ఏరే పనే. కాకపోతే, ఒకే కస్టమరుకి రెండు కూపన్లు వెళ్ళకుండా!

ఇక డబ్బు. "సేవకి స్టైపెండేంటి?" అనేవాళ్ళున్నారు. 1964లో మిస్సిసిపిలో నల్లజాతివాళ్ళని ఓటర్లుగా చేర్పించడానికి కాలేజీ పిల్లలు వెళ్ళారు, ఫ్రీడమ్ సమ్మర్ అంటారు. తిండీ ఖర్చులూ ఎవరివి వాళ్ళే చూసుకోవాలి, పైగా అరెస్టయితే బెయిలుకని 500 డాలర్లు దగ్గరుంచుకోవాలి. దాంతో ఎక్కువమంది కలిగినింటి తెల్ల పిల్లలే వెళ్ళగలిగారు. వాళ్ళ ధైర్యాన్ని తక్కువ చేయట్లేదు, ఆండ్రూ గుడ్‌మన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి వెళ్ళిన మర్నాడే చంపేశారు. నేననేది, డబ్బివ్వకపోతే ఈ రంగానికి ఎవరొస్తారన్నది ముందే తేలిపోతుందని. మా చెల్లెల్లాంటి వాళ్ళకి ఆ 6 వేలు బహుమానం కాదు, గుమ్మం.

మొత్తానికి బాబాయి ఒప్పుకున్నారు, "ఈ ఒక్క సమ్మరేనమ్మా" అని. దాని భయం వేరే. ఎఫ్1 వీసా మీద ఉన్నవాళ్ళు క్యాంపస్ బయట పని చెయ్యాలంటే సీపీటీ తీసుకోవాలి, ఆ పని చదువులో భాగమని డిపార్ట్‌మెంటు ఒప్పుకోవాలి. అది సరే, దొరుకుతుంది. కానీ 2025 జూన్‌లో స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్ళు సోషల్ మీడియా ప్రొఫైళ్ళన్నీ పబ్లిక్‌గా పెట్టాలన్నారు. "అన్నయ్యా, లింక్డిన్‌లో హ్యూమన్ రైట్స్ అని రాయనా, డేటా అనలిస్ట్ అని రాయనా?" అని అడిగింది.

ముందు నీ ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్ళని అడుగు, వచ్చే ఏడాది దాకా ఇండియా టికెట్ మాత్రం బుక్ చెయ్యకు అన్నాను. డిసెంబర్లో పిన్ని వాళ్ళింట్లో గృహప్రవేశం.