నిర్మల్‌లో చూసిన దశావతారాల పేక

సంక్రాంతికి మా కోనసీమ ఎలా ఉంటుందో మీకు నేను వేరే చెప్పాలా? ఒకపక్క ముగ్గులు, గొబ్బెమ్మలు. ఇంకోపక్క కోడిపందేలు, పేకాట. కానీ అల్లవరంలో మా ఇంట్లో మాత్రం పేకముక్క కనబడకూడదు. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో మా మరిది ఓ కట్ట తెస్తే మా అత్తగారు మారుమాట్లాడకుండా పొయ్యిలో పడేశారు. ఓడలరేవు దారిలో ఉన్న ఎకరం కొబ్బరితోటని మామగారు ఒక సంక్రాంతి మూడు రోజుల్లో పేకలో పోగొట్టారట. ఈ సంగతి నాకు ఆడపడుచు చెప్పిందే తప్ప, అత్తగారు ఎన్నడూ నోరెత్తలేదు.

అలాంటి ఇంటికి మిలాన్‌లో చదువుకుంటున్న మా మరిది కొడుకు క్రిందటేడు ఓ పెట్టె పట్టుకొచ్చాడు. మూత తీస్తే ఏముందనుకున్నారు? పేకముక్కలే! అత్తగారు లేచి లోపలికెళ్ళిపోయారు.

"దొడ్డమ్మా, నువ్వైనా చూడు. ఇది ఆడుకోడానికి తేలేదు" అన్నాడు వాడు మొహం చిన్నబుచ్చుకుని. సరేనని చేయి తుడుచుకుని కూర్చున్నాను. ఒక్కో ముక్క జానెడుకి కాస్త తక్కువ పొడుగుంది. పసిడి రంగు నేల మీద రాజులు, రాణులు, బైరాగులు, చేతిలో నక్షత్రం పట్టుకున్న ఆడమనిషి. రాణి కట్టుకున్న బట్ట మీద పువ్వులు చూస్తే మన జరీ చీరలే గుర్తొచ్చాయి.

ఇవి నకళ్ళేనండీ. అసలువి 15వ శతాబ్దం నడిమికాలంలో మిలాన్‌ని ఏలిన ఫ్రాన్చెస్కో స్ఫోర్జా, ఆయన భార్య బియాంకా మరియా విస్కోంటీల కుటుంబం కోసం బంగారు రేకు అద్ది, చేతితో వేసినవి. మొత్తం 78 ఉండేవంటారు. ఇప్పుడు మిగిలినవి 74. అందులో 35 న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో, 26 ఇటలీలోని బెర్గామోలో కర్రారా అకాడమీలో, 13 కొల్లియోని కుటుంబం దగ్గర ఉన్నాయి. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు లేదూ? అన్నీ ఒక్కచోట చూడాలంటే ఇలాంటి నకలు కట్టలోనే చూడాలి. పోయిన నాలుగింటినీ ఈ కాలపు చిత్రకారులు ఆ పద్ధతిలోనే వేసి కలిపారు. ఎప్పుడో ఎవరో గోడకి కొట్టిన మేకు చిల్లు కూడా అచ్చులో అలాగే ఉంచారు. ఆ చిల్లు నాకు భలే నచ్చింది. కొత్తగా మెరిసిపోయేలా చేసుంటే అసలు వస్తువు పడ్డ పాట్లు తెలిసేవి కాదు కదా!

టీవీలో జోస్యం చెప్పే టారో కార్డులు ఇవేనా అని మీరడగొచ్చు. ఆ జాతివే. కానీ అవి పుట్టింది ఆటకోసం. 1781లో ఫ్రాన్సులో ఒక పండితుడు ఈ బొమ్మల్లో ఈజిప్టు రహస్యాలున్నాయని రాశాకే జోస్యం గోల ఊపందుకుంది.

"మనకీ ఇలాంటి బొమ్మల పేక ఉండేది దొడ్డమ్మా. గంజీఫా అంటారు. నిర్మల్‌లో చేసేవారు" అన్నాడు మావాడు. ఆ మాట నా మనసులో పడిపోయింది.

తర్వాత రెండు నెలలకి మా ఆడపడుచు మనవడికి బాసరలో అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. రాజమండ్రిలో రైలెక్కి సికింద్రాబాద్, అక్కణ్ణించి కారులో బాసర. మా ఓడలరేవు దగ్గర వైనతేయగా సముద్రంలో కలిసే గోదావరి, బాసరకి దగ్గర్లో కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. నది చివర పుట్టిన నేను, మన నేల మీద దాని మొదటి రేవు చూశానన్నమాట. పిల్లాడి చేత పలక మీద ఓనమాలు దిద్దించాక, నేనే పట్టుబట్టి భైంసా మీదుగా అందరినీ నిర్మల్ తీసుకెళ్ళాను.

నిర్మల్ బొమ్మలు మీకు తెలిసినవే. పొణికి చెక్కతో చేసిన సీతాఫలం, అరటిపండు చూస్తే కొరుక్కు తినాలనిపిస్తుంది. ఒక కొట్లో పెద్దాయన్ని "గంజీఫా ఉందా బాబాయిగారూ?" అనడిగితే ఎగాదిగా చూసి, లోపల్నించి ఓ చెక్కపెట్టె తెచ్చారు. తీస్తే గుండ్రటి ముక్కలు! అరచేతిలో ఇమిడిపోయేంత. "పాతవాటిని చూసి వేసినవేనమ్మా" అన్నారాయన.

దశావతారాల పేకలో పది రంగులు. మనకి ఆటీను, డైమను, కళావరు, ఇస్పేటు ఉన్నట్టు అక్కడ చేప, తాబేలు, వరాహం... అలా ఒక్కో అవతారానికీ ఒక గుర్తు. ఒక్కో రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకూ అంకెలు, వెరసి పన్నెండు. మొత్తం 120 ముక్కలు. చాలాచోట్ల పగలు ఆడితే రాముడి ముక్కతో, రాత్రి ఆడితే కృష్ణుడి ముక్కతో ఆట మొదలుపెట్టేవారట. పాత రోజుల్లో గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అతికి, ఎండబెట్టి, గుండ్రంగా కోసి, రంగులేసి లక్క పూసేవారు.

ఇంకో చిత్రం వినండి. ఇస్తాంబుల్‌లోని టోప్‌కాపి మ్యూజియంలో ఈజిప్టు పాత పేక ఒకటుంది. అందులో గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు నాలుగు రంగులు. ఇటలీ పేకలోనూ గిన్నెలు, నాణేలు, కత్తులు, కర్రలే. ఆ ఈజిప్టు ముక్క మీద 'కంజిఫా' అన్న మాట కూడా ఉంది. అంటే మావాడు తెచ్చిన పెట్టె, నేను కొన్న పెట్టె దూరపు చుట్టాలే!

కొనడమైతే కొన్నాను గానీ దారి పొడుగునా అత్తగారి మొహమే కళ్ళముందు మెదిలింది. ఇంటికొచ్చాక ఏం మాట్లాడకుండా ముందు రాముడి ముక్క ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకున్నారు. తర్వాత ఒక్కొక్కటీ అడిగి మరీ చూశారు. పేక అని నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఈ సంక్రాంతికి భోగినాడు బొమ్మలకొలువులో రెండో మెట్టు మీద ఆ ముక్కలు పెట్టింది అత్తగారే. పక్కన ఇటలీ రాణి కూడా నించుంది. పేరంటానికొచ్చిన ఒకావిడ "పేకముక్కల్లా ఉన్నాయే!" అంది. నా గుండె ఝల్లుమంది. అత్తగారు తాంబూలం అందిస్తూ, "పేకేనమ్మా. ఓడలరేవు దారిలో మాకూ ఒక తోట ఉండేది..." అంటూ మొదలుపెట్టారు. యాభై ఏళ్ళ కథ, ఆవిడ నోట నేను మొదటిసారి విన్నాను.

బాసర వెళ్ళేవాళ్ళు ఒక పూట నిర్మల్‌కి కేటాయించండి. కొన్న ముక్కల్ని తడి చేత్తో ముట్టుకోకండి, ఎండ తగలనీయకండి, మెత్తటి నూలుగుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో దాచుకోండి. మా ఇంట్లో ఆ పెట్టె తాళం ఇప్పుడు అత్తగారి బొడ్లోనే ఉంది.