ముందు లైటు చూడు

పాత కారులో ఇంజన్ చెడిపోతే అందరూ కంగారు పడతారు. సీటు చెడిపోతే మాత్రం నవ్వుతారు. "సీటే కదా, బండి నడుస్తోందిగా!" అంటారు. ఆ సీట్లో ఎవరు కూర్చుంటారో తెలిస్తే అట్లా అనరు.

ఆళ్లగడ్డలో మా మామకు 14 ఏళ్ల పాత కారు ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ముందు సీట్లు రెండూ స్విచ్ నొక్కితే జరిగే రకం. అందులో ఎడమ పక్క సీటు మా అవ్వది. వారానికి 3 సార్లు అవ్వకు నంద్యాలలో డయాలసిస్. పోను దాదాపు 40 కిలోమీటర్లు, రాను మళ్లీ అంతే. మెషిన్ మీద 4 గంటలు ఉండి వచ్చాక బీపీ పడిపోతుంది, మెడ నిలవదు. అప్పుడు మామ సీటు వెనక్కి వాల్చేవాడు, అవ్వ కళ్లు మూసుకునేది. వెనక సీట్లో పడుకోబెడదామంటే ఆమెకు కడుపులో తిప్పుతుంది.

ఒక రోజు ఆ సీటు ముందుకు జరిగినచోటే ఆగిపోయింది. వీపు నిటారుగా ఉండిపోయింది, వాలడం లేదు. 3 వారాలు అవ్వ మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనించుకుని, తల అద్దానికి కొట్టుకుంటూ ప్రయాణం చేసింది. మెకానిక్ ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టి చూసి, "12 వోల్టులు వస్తోంది, మోటార్లు పోయినాయి, సీటు సెట్టు మొత్తం మార్చాల, 40 వేలు" అన్నాడట. మామ శిల్పి. ఆళ్లగడ్డ శిల్పాల పేరు పెద్దదే గానీ, రాయి చెక్కేవాళ్ల చేతిలో 40 వేలు ఊరికే ఉండవు.

నేను హాస్టల్ నుంచి శనివారం ఇంటికొచ్చాను. మామ నన్ను అడిగింది ఒక్కటే. "అల్లుడూ, కంప్యూటర్లు సదువుతాండావు గదా, ఇది ఏమన్నా తెలుస్తాదేమో సూడు."

కంప్యూటర్ సైన్స్‌కీ కారు సీటుకీ పెద్దగా సంబంధం లేదు. కానీ ప్రోగ్రామ్ తప్పు చేస్తే మేం మొత్తం మళ్లీ రాయం. మధ్యలో ఒకచోట ఆపి, ఇక్కడిదాకా సరిగ్గా వచ్చిందా లేదా అని చూస్తాం. వస్తే తప్పు ముందుంది, రాకపోతే వెనకుంది. సీటుకు కూడా అదే ప్రశ్న వెయ్యొచ్చు: కరెంటు ఎక్కడిదాకా వస్తోంది?

ఈ సీట్ల లోపలి సంగతి అనుకున్నంత కష్టమైనది కాదు. ముందుకూ వెనక్కూ జరపడానికి ఒక మోటారు, వీపు వాల్చడానికి ఇంకో మోటారు ఉంటాయి. స్విచ్ ఒక పక్కకు నొక్కితే మోటారు ఒకవైపు తిరుగుతుంది. రెండో పక్కకు నొక్కితే ప్లస్సూ మైనస్సూ తారుమారై అదే మోటారు వెనక్కి తిరుగుతుంది. మోటారు మరను తిప్పుతుంది, మర సీటును పట్టాల మీద లాగుతుంది. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్, ప్లగ్గు, మోటారు, పట్టాలు. దారి ఇంతే. (పొజిషన్ గుర్తుపెట్టుకునే మెమరీ సీట్లయితే మధ్యలో ఒక కంట్రోల్ బాక్సు కూడా ఉంటుంది.)

మొదటి పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. రాత్రిపూట, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, తలుపు తెరిచి పెట్టాం. కారు లోపల పైన లైటు వెలుగుతోంది. ముందుకూ వెనక్కూ జరిపే స్విచ్ నొక్కాను. సీటు కదల్లేదు, కానీ లైటు కొంచెం మసకబారింది. అంటే మోటారు కరెంటు గట్టిగా లాగుతోంది, తిరగలేక ఆగిపోతోంది. మోటారుకు కరెంటు అందుతోంది, ఎక్కడో బిగుసుకుంది. తర్వాత వీపు వాల్చే స్విచ్ నొక్కాను. లైటు చెక్కుచెదరలేదు, ఏ చప్పుడూ లేదు. అంటే ఆ మోటారుకు కావలసినంత కరెంటే చేరడం లేదు. మా కారులో ఆ సీటు మొత్తానికి ఒకటే ఫ్యూజు. ఒక మోటారు లాగుతోంది కాబట్టి ఫ్యూజు బాగున్నట్టే. ఒక్క నిమిషంలో తేలింది ఏమిటంటే, ఇది ఒక జబ్బు కాదు, రెండు.

"ఇది మేం రాయిని కొట్టి సూసినట్టే ఉండాది గదరా" అన్నాడు మామ. శిల్పి ఉలి పెట్టేముందు రాయిని సుత్తితో చిన్నగా తట్టి వింటాడు. మంచి రాయి గంటలాగా మోగుతుంది. లోపల పగులుంటే శబ్దం డొల్లగా వస్తుంది, పైకి ఎంత నున్నగా కనపడినా సరే.

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాం. సీటు కింద చెయ్యి పెట్టేముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. అక్కడ పసుపు రంగు ప్లగ్గు కనపడితే అది ఎయిర్‌బ్యాగుది గానీ సీటుబెల్టుది గానీ అయ్యుంటుంది. దాన్ని ఊడదీయకూడదు, మీటరు అసలే పెట్టకూడదు. మిగతా ప్లగ్గులు ఊడదీయాలన్నా ముందు బ్యాటరీ మైనస్ తీసేసి కనీసం 10 నిమిషాలు ఆగాలి.

మొదట పట్టాలు చూశాం. సీటు ముందుకు జరిగి ఆగిపోయింది కాబట్టి పట్టాల వెనక భాగం బయటికే కనపడుతోంది. టార్చి వేసి చూస్తే అక్కడ గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది, దాని మీద తెల్లగా రాతిపొడి. మామ పని ముగించి అదే బట్టలతో ఎన్నేళ్లుగా ఆ కారెక్కుతున్నాడో! గ్రీజులో రాతిపొడి కలిస్తే సిమెంటు లాంటి ముద్ద. దాని మధ్యలో ఒక చింతగింజ కూడా దొరికింది. మామ సన్న ఉలికి గుడ్డ చుట్టి, చెక్కినంత ఓపికగా ఆ ముద్దనంతా గీకాడు. తుడిచి, కొత్త గ్రీజు పల్చగా రాశాం. మోటారును అదేపనిగా నొక్కకుండా మధ్యలో ఆగుతూ వచ్చాం. బిగుసుకున్న మోటారు వేడెక్కుతుంది, చాలా మోటార్లు వేడెక్కితే వాటంతటవే ఆగిపోతాయి. నాలుగోసారి మామ సీటును వెనక నుంచి ఊపుతుంటే నేను స్విచ్ నొక్కాను. కిర్రుమంటూ కదిలింది.

ఇక వీపు సంగతి. మెకానిక్ చూసిన 12 వోల్టులు నిజమే. నా 350 రూపాయల మీటరుకూ ప్లగ్గు ఊడదీస్తే అంతే వచ్చింది. అయితే లైటు ఎందుకు మసకబారలేదు? చిక్కు మీటరు స్వభావంలో ఉంది. మీటరు దాదాపు కరెంటు తాగదు. మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉండి పైపులో మట్టి పేరుకుందనుకోండి. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ లోపల ప్రెషర్ ఉన్నట్టే ఉంటుంది. తిప్పితే చుక్కలు పడతాయి. అందుకే ప్లగ్గు పెట్టే ఉంచి, స్విచ్ నొక్కి పట్టుకునే చూడాలి.

అవ్వను ఒక పిన్నీసు అడిగి తీసుకున్నాను. మోటారుకు వెళ్లే బూడిదరంగు ప్లగ్గు వెనక నుంచి, వైరు పక్కన దాన్ని దూర్చి, మామను స్విచ్ నొక్కమన్నాను. ప్లగ్గుకు ముందు 12.1, ప్లగ్గు దాటాక 3.8. మధ్యలో 8 వోల్టులకు పైగా ఆ ప్లగ్గే మింగేస్తోంది. బ్యాటరీ తీసి, ఆగి, ప్లగ్గు ఊడదీసి చూస్తే ఒక పిన్ను మీద పచ్చగా చిలుము. ఎప్పుడో కార్పెట్ తడిసి ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, వదులైన పిన్నును సూదితో కొంచెం బిగించాను. బ్యాటరీ తగిలించి స్విచ్ నొక్కితే సీటు వీపు మెల్లగా వాలింది. మొత్తం ఖర్చు 600 లోపే.

నేను హాస్టల్‌కు పోతే మళ్లీ చెడిపోయినప్పుడు ఎట్ల అని, ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వమన్నాడు మామ. "తెలుగులో రాయల్ల" అన్నాడు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం నేను. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్ అందరివే, వాటితో ఇబ్బంది లేదు. "వోల్టేజ్ డ్రాప్" దగ్గర పెన్ను ఆగింది. పరీక్షలో అయితే నిర్వచనం రాసి ఫార్ములా వేసేవాణ్ణి. మామకు దానితో పనేముంది? ఆ ప్లగ్గు ఎట్లా ఉందో మామకే చెప్పాను. ఖాళీగా కొలిస్తే నిండుగా కనపడుతుంది, బరువు పడితే నిలవదు.

"డొల్ల" అన్నాడు వెంటనే.

అదే రాశాను. "స్విచ్ నొక్కి లైటు చూడు. మసకబారితే పట్టాలు శుభ్రం చెయ్యి. మసకబారకపోతే ముందు ఫ్యూజు చూడు, తర్వాత ప్లగ్గు డొల్లగా ఉందేమో చూడు. పసుపు ప్లగ్గు ముట్టుకోవద్దు." కాగితం డాష్‌బోర్డు అరలో, ఆర్సీ పక్కన పెట్టాడు.

సోమవారం నేనూ వాళ్లతోనే నంద్యాల వచ్చాను. సాయంత్రం వాళ్లు తిరిగి ఇల్లు చేరాక అవ్వతో ఫోన్లో మాట్లాడాను. గొంతు నీరసంగానే ఉంది. సీటు గురించి నేను అడగలేదు, ఆమే చెప్పింది. "శిరివెళ్ల ఎప్పుడు దాటినామో తెలీలేదు నాయనా, నిద్రపోయినా."